పండుగ దినములలో ఇల్లు, ఊరు, కానుక
దోర్నకల్ బిషప్ అజరయ్యగారి జీవితమునుండి ధ్యానము

చదువవలసిన వాక్యభాగములు: మార్కు 7:9–13, 2 కొరింథీయులకు 8:1–5, 12



డిసెంబరు నెల వచ్చుసరికి చేవెళ్ల, మొయినాబాదు గ్రామములలోని మన గృహములకు మూడు పిలుపులు ఒక్కసారిగా వచ్చును. మొదటిది ఇంటి పిలుపు. పిల్లలకు క్రొత్త బట్టలు కావలెను, గోడలకు సున్నము కావలెను, పట్నమునుండి వచ్చు కూతురికిని అల్లునికిని మంచి భోజనము పెట్టవలెను. రెండవది ఊరి పిలుపు. రాత్రివేళ పాటలతో ఇల్లిల్లు తిరుగుట, మందిరమును అలంకరించుట, యౌవనస్థుల కూడిక, పేదలకు దుప్పట్లు, వీధిలోని తగవుల పరిష్కారము, వీటన్నిటికి మనుష్యులు కావలెను. మూడవది కానుక పిలుపు. ఈ మూడును ఒకే సంచిలోని రూపాయలను, ఒకే దినములోని గంటలను అడుగును.

కొందరు ఊరి పనులన్నిటిలో ముందు నిలుతురు గాని తమ యింట బియ్యమున్నవో లేవో చూడరు. కొందరు తమ యిల్లే లోకమనుకొని, ప్రక్కయింట పొయ్యి రాజినదో లేదో అడుగరు. మరికొందరు అన్నియు ఘనముగా జరుపవలెనని అప్పు తెచ్చి, సంక్రాంతి దాటి చాల దినములవరకు వడ్డీ కట్టుచుందురు. క్రీస్తు పుట్టిన సంతోషము మన గృహములలో జనవరి నెలకే చింతగా మారుట తగునా?

ఈ ప్రశ్నకు జవాబుగా ఈ మాసము మేము మీ యెదుట ఉంచునది బిషప్ వేదనాయగం శామ్యూలు అజరయ్యగారి జీవితము. ఆయన పెద్ద పేరుగల దైవసేవకులు. ఆయన సేవ చేసిన దోర్నకల్ ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలో నున్నది. మన చేవెళ్లవలెనే ఆనాడు అదియు నిజాము పాలించిన హైదరాబాదు రాజ్యములో నుండెను. ఆయన నడిపిన సంఘములలోని జనులు మన తాతముత్తాతలవంటివారే, పరుల చేలలో కూలి చేసి బ్రతికినవారే. మరియొక సంగతి గలదు. ఆయన జీవితములోని ముఖ్యదినములు కొన్ని ఈ పండుగ కాలమందే వచ్చెను. 1905 డిసెంబరు 25, 1912 డిసెంబరు 29, 1939 జనవరి 6, 1945 జనవరి 1 అట్టి దినములు. గనుక ఈ నెలలో ఆయనను జ్ఞాపకము చేసికొనుట సమంజసము.

గ్రామ పాదిరిగారి యింట

అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తమిళ దేశములోని తిరునెల్వేలి ప్రాంతమందు వెళ్లాలన్‌విళై అను పల్లెలో జన్మించిరి. తండ్రి తామస్ వేదనాయగముగారు ఆ పల్లె సంఘమునకు పాదిరి. హిందూ కుటుంబమునుండి క్రీస్తునొద్దకు వచ్చినవారు. అజరయ్యగారు ఇంకను బడిలో చదువుచున్న కాలముననే తండ్రి ప్రభువునందు నిద్రించిరి. తల్లి ఎల్లెనుగారు కుమారుని భక్తిలోను క్రమశిక్షణలోను పెంచిరి. పాదిరిగారి యిల్లు ఎట్లుండునో గ్రామస్థులమైన మనకు తెలియును. అది కుటుంబపు ఇల్లును ఊరందరి ఇల్లును గూడ. వచ్చువారికి తలుపు మూయబడదు. ఇల్లును ఊరును ఒకే కప్పు క్రింద నిలుచుట అజరయ్యగారు ఆ యింటనే చూచిరి.

ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1895లో వై.ఎం.సి.ఏ. అను యౌవనస్థుల సంఘమునకు కార్యదర్శియైరి. దక్షిణ దేశమంతట తిరిగి యౌవనస్థులను సేవకు పిలుచుట ఆయన పని. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడిరి. ఆమె కళాశాల చదువు చదివిన స్త్రీ. ఆ దినములలో దక్షిణ దేశపు క్రైస్తవ స్త్రీలలో అట్టివారు మిక్కిలి అరుదు. ఆ పెండ్లిలో కట్నము పుచ్చుకొనబడలేదు, ఆడంబరము చేయబడలేదు. చాల కొద్ది ఖర్చుతో పెండ్లి ముగిసెను.

ఇక్కడ కొంచెము ఆగి ఆలోచించుదము. పేరున్న కుటుంబములు ఖర్చులో పోటీపడు కాలమందు ఆ దంపతులు తమ గృహమును అప్పు లేకుండ ఆరంభించిరి. అప్పులేని యిల్లు ఇచ్చుటకు స్వేచ్ఛ గల యిల్లు. వడ్డీ కట్టు చేయి కానుక పెట్టెయొద్ద వణకును. తరువాత ఏండ్లలో ఆయన ఇచ్చుటనుగూర్చి ఇతరులకు బోధించగలిగిరి అనిన, ఆ బోధ తన యింటి లెక్కలలోనే మొదలుపెట్టిరని గ్రహించవలెను.

1905 క్రిస్మసు దినము

1902లో అజరయ్యగారు యాళ్పాణమునకు, అనగా సింహళ ద్వీపములోని జఫ్నాకు వెళ్లిరి. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత చందాలతో సువార్త పని నడుపుట చూచిరి. ఆ దృశ్యము ఆయన మనస్సును కదిలించెను. తిరునెల్వేలి సంఘములు ఏండ్ల తరబడి దొరలయొద్దనుండి పుచ్చుకొనుచుండెను. అవి ఎప్పుడు ఇచ్చును? ఈ భారముతో 1903లో ఆయనయు స్నేహితులును తిరునెల్వేలి భారతీయ మిషనెరీ సంఘమును స్థాపించిరి. ఆ సంఘము తన పనికై తెలుగు దేశములోని దోర్నకల్ ప్రాంతమును ఎన్నుకొనెను.

రెండేండ్ల తరువాత, 1905 డిసెంబరు 25న, బెంగాలులోని శ్రీరాంపురమందు దేశమంతటినుండి వచ్చిన క్రైస్తవులు కూడి జాతీయ మిషనెరీ సంఘమును స్థాపించిరి. శ్రీరాంపురము విలియం కేరీగారు పని చేసిన స్థలము. ఆ స్థాపకులలో అజరయ్యగారు ముఖ్యులు, కె. టి. పాల్‌గారు మరియొకరు. పని చేయువారు భారతీయులై యుండవలెను, ధనము భారతీయులదై యుండవలెను, నడుపుటయు భారతీయులే నడుపవలెను. ఇది ఆ సంఘపు నియమము. లోకమంతయు కానుకలు పుచ్చుకొను పండుగనాడు వారు ఇచ్చుటను ఆరంభించిరి. తూర్పు జ్ఞానులు తమ పెట్టెలు విప్పిన కథను (మత్తయి 2:11) మనము ప్రతి సంవత్సరము నాటకముగా ఆడుదుము. వారు దానిని తమ దినచర్యలోనికి తెచ్చుకొనిరి.

తానే వెళ్లుట

పంపుట సులభము, వెళ్లుట కష్టము. ఇతరులను దోర్నకల్‌కు పంపుచున్న అజరయ్యగారు తానేల వెళ్లకూడదని తమ్మునుతాము అడుగుకొనిరి. 1909లో పాదిరిగా అభిషేకము పొంది, ఎరుగని భాష మాటలాడు దేశమునకు కుటుంబముతో వచ్చిరి. అప్పటికి ఆయనకు ముప్పదియైదేండ్లు. ఆ వయస్సులో తెలుగు అక్షరములు దిద్ది, తెలుగులో బోధింపసాగిరి. దోర్నకల్ రైలు కూడలియే గాని చుట్టుప్రక్కలవి బీద పల్లెలు. ఆ పల్లెలకు ఆయన ఎడ్లబండిమీద, సైకిలుమీద, కాలినడకను తిరిగిరి.

1910లో స్కాట్లాండు దేశములోని ఎడింబరో పట్టణమందు లోకమంతటి మిషనెరీ సభ జరిగెను. అజరయ్యగారు అక్కడ నిలువబడి పెద్దలకు చేదుగా తోచిన సత్యమును చెప్పిరి. దొరలు తమ ధనమును, దేహమును, ప్రాణమునుగూడ ఇచ్చిరని ఒప్పుకొనిరి. అయినను వారు దేశీయ సేవకునితో కూర్చుండి భోజనము చేయని చోట్లు గలవనియు, పైనుండి ఇచ్చు దాతలకంటె ప్రక్కన కూర్చుండు స్నేహితులే సంఘమునకు కావలెననియు విన్నవించిరి. ఆ మాట ఆ సభ ముగిసి నూరేండ్లు దాటినను మరువబడలేదు.

మా ఆలోచనలో అజరయ్యగారి జీవితమంతటికి తాళపుచెవి ఇదియే. ఈవి స్నేహమునుండి పుట్టవలెను. స్నేహము లేని ఈవి పుచ్చుకొనువాని తలను వంచును. స్నేహముతో కూడిన ఈవి వానిని లేపి, వానినిగూడ ఇచ్చువానిగా చేయును.

1912 డిసెంబరు 29న, క్రిస్మసు ముగిసిన నాలుగు దినములకు, కలకత్తాలోని సెయింట్ పాల్ కెథడ్రల్‌లో ఆయన దోర్నకల్ బిషపుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో బిషపైన మొదటి భారతీయుడు ఆయనే. అప్పుడు ఆయన వయస్సు 38 సంవత్సరములు.

పిడికెడు బియ్యము

ఆయన అధ్యక్ష ఖండములోని క్రైస్తవులలో అధికులు మాల మాదిగ కుటుంబములనుండి వచ్చిన కూలీలు. అప్పులలోను సారాయిలోను చిక్కినవారు ఎందరో. క్రీస్తునొద్దకు వచ్చిన తరువాతగూడ ఒకరియింట ఒకరు తినని కుటుంబములు ఉండెను. బిషపుగారు ఈ భేదముతో పోరాడిరి, మద్యపానముతో పోరాడిరి, పల్లె పల్లెకు బడి కావలెనని పట్టుబట్టిరి. 1932 ప్రాంతమందు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములుండవలెనను వాదము లేచినప్పుడు ఆయన దానికి ఒప్పుకొనలేదు. క్రైస్తవులు పొరుగువారినుండి గోడ కట్టుకొని వేరైపోకూడదని ఆయన అభిప్రాయము.

ఇంత బీదలైన జనులను కానుక అడుగవచ్చునా? జాలిపడి అడుగకుండుటయే ప్రేమయని తలంచినవారు ఉండిరి. అజరయ్యగారు అట్లు తలంచలేదు. బీదవానిని కానుక అడుగకుండుట వానిని గౌరవింపకుండుటయే అని ఆయన ఎంచిరి. మాసిదోనియ సంఘములు నిరుపేదరికములోనుండి ఇచ్చెనని పౌలు వ్రాసిన సంగతి ఆయనకు ప్రమాణము. అయితే రొక్కము లేనివారు ఏమిచ్చెదరు? దానికి ఆ అధ్యక్ష ఖండమందు మార్గము దొరికెను. గృహిణి పొయ్యిమీద ఎసరు పెట్టి బియ్యము కొలుచునప్పుడు, ఒక పిడికెడు తీసి వేరుకుండలో వేయును. వారాంతమున ఆ బియ్యము మందిరమునకు చేరును. కోతల పండుగనాడు ధాన్యము, కోళ్లు, మేకలు, కూరగాయలు ప్రభువు సన్నిధికి తేబడును. ఊరి జాతరలలోని డప్పును, ఊరేగింపును, పాటను బిషపుగారు త్రోసివేయలేదు. వాటిని క్రీస్తు సంతోషమునకు వాడుకొనిరి.

ఈ పిడికెడులో జ్ఞానమున్నది చూడుడి. అది ఇంటివారి కడుపు మాడ్చదు. అది పండుగనాడు ఒక్కసారి వచ్చు ఉద్రేకముకాదు, పూట పూటకు జరుగు ఆరాధన. వంటయింటిలో జరుగును గనుక పిల్లలు చూచి నేర్చుకొందురు. పెట్టెలో ఎవరిది ఎంతో తెలియదు గనుక అతిశయమునకు తావులేదు. వారము వారము తమకు కలిగినకొలది ప్రత్యేకించి ఉంచుడని పౌలు కొరింథీయులకు (1 కొరింథీయులకు 16:2) చెప్పిన క్రమము ఇదియే గదా. బిషపుగారు క్రైస్తవుని ఈవినిగూర్చి ఒక పుస్తకమునే వ్రాసిరి. అది ఆయన మరణించిన తరువాత ఇతర దేశములలోను చదువబడెను.

మరియమ్మాళ్‌గారి పాలు

బిషపుగారు తరచు ప్రయాణములలో నుండిరి. వారికి నలుగురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు. అట్టియింట తల్లి చేసిన సేవను లెక్కింపక తండ్రినిమాత్రమే పొగడుట న్యాయము కాదు. మరియమ్మాళ్‌గారు ఇంటిని నడుపుచునే స్త్రీల సేవయు నడిపిరి. దోర్నకల్ వేదపాఠశాలకు వచ్చు విద్యార్థులు భార్యాబిడ్డలతో వచ్చెడివారు. భర్తకు చదువు చెప్పునప్పుడు భార్యకును చదువు చెప్పబడెను. భర్త ఒక్కడే సేవకుడై భార్య వెనుకబడిన యెడల ఆ యిల్లు రెండు దారులు పట్టునని వారెరిగిరి.

అజరయ్యగారు ఇంటికిని ఊరికిని మధ్య గంటలను పంచి సరిపుచ్చలేదు. భార్యను పనిలో భాగస్థురాలిగా చేర్చుకొనిరి. అందువలన ఇల్లును సేవయు ఒకే నాగలికి కట్టిన రెండు ఎడ్లవలె నడిచెను.

పురుషులారా, ఈ మాట మనకే. క్రిస్మసు రాత్రి మనము మందిరములో మైకు పట్టుకొని నిలుచునప్పుడు, మన యింటి స్త్రీలు అర్ధరాత్రివరకు పిండివంటలయొద్ద కూర్చుండి, తెల్లవారి ఆరాధనలో నిద్రకు తూలుట న్యాయమా? దేవునికి అర్పించితిమని చెప్పి తలిదండ్రులకు చేయవలసినది మానుకొనినవారిని ప్రభువు గద్దించెను (మార్కు 7). స్వకీయులను సంరక్షింపనివాడు అవిశ్వాసికంటె చెడ్డవాడని పౌలు తిమోతికి వ్రాసెను (1 తిమోతికి 5:8). ఇల్లు మాడ్చి తెచ్చిన కానుక ప్రభువు కోరిన కానుక కాదు.

చివరి పండుగలు

దోర్నకల్‌లోని కెథడ్రల్ మందిరము త్వరగా లేవలేదు. ఏండ్ల తరబడి ఆగి ఆగి కట్టబడెను. దాని గుమ్మటములు మసీదులను, స్తంభములు దేవాలయములను జ్ఞాపకము చేయును. మన దేశపు చేతిపని అంతయు క్రీస్తునకు కానుక కావలెనని బిషపుగారి కోరిక. 1938 డిసెంబరులో మద్రాసు దగ్గరి తాంబరమందు లోకమంతటి మిషనెరీ ప్రతినిధుల సభ క్రిస్మసు దినములగుండ సాగి, 29వ తేదీన ముగిసెను. ఇండియాలోని జాతీయ క్రైస్తవ సభకు అధ్యక్షులుగా నుండిన అజరయ్యగారికి ఆ సభ పని మెండు. అది ముగిసిన కొద్ది దినములకే, 1939 జనవరి 6న, జ్ఞానులకు ప్రభువు ప్రత్యక్షమైన ఎపిఫనీ పండుగనాడు, దోర్నకల్ మందిరము ప్రతిష్ఠింపబడెను. దాని పేరును ఎపిఫనీ కెథడ్రలే.

ఆయన సేవాకాలము ముగియుసరికి ఆ అధ్యక్ష ఖండమందు క్రైస్తవులు రెండు లక్షలు దాటిరి. 1945 జనవరి 1న, నూతన సంవత్సర దినమున, ఆయన దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. ఆ మందిరపు ఆవరణములోనే ఆయన సమాధి యున్నది. సంఘముల ఐక్యతకై ఆయన ప్రయాసపడిన దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను. ఆయన విత్తెను, కోతను ఇతరులు చూచిరి.

మన గ్రామములలో ఏమి చేయుదము?

మొయినాబాదునుండి చేవెళ్లకు పోవు బాట ప్రక్కను పెద్ద మర్రిచెట్లు మనమందరము ఎరిగినవే. మర్రి తన కొమ్మలను ఎంత దూరము చాచునో అంత దూరము ఊడలను నేలలోనికి దింపుకొనును. ఊరికి నీడనిచ్చువాడు తన యింట వేరూనవలెను. అజరయ్యగారి జీవితమునుబట్టి మూడు సంగతులు మనవి చేయుచున్నాము.

మొదటిది, ఖర్చునకు ముందు లెక్క. డిసెంబరు మొదటి వారములో ఒక సాయంకాలము భార్యాభర్తలు, ఎదిగిన పిల్లలు కలిసి కూర్చుండుడి. కందులమ్మినది, టమాటలమ్మినది, బంతిపూలమ్మినది, కూలివలన వచ్చినది ఎంతో చెప్పుకొనుడి. ముందుగా ప్రభువు భాగము వేరుచేయుడి. పిదప ఇంటి అవసరము, పిదప పండుగ. అప్పుతో వచ్చు క్రొత్త బట్టకంటె ఉతికిన పాత బట్ట పండుగకు అందము. మొయినాబాదు వైపు భూములమ్మి లక్షలు చూచిన కుటుంబములు గలవు. ఆ భూములలోనే రోజుకూలికి పోవు కుటుంబములును గలవు. ఇరువురు ఒకే మొత్తము ఇయ్యవలెనని ఎవరును అడుగరు. కలిగినదానినిబట్టియే ఈవి ప్రీతికరమని వాక్యము చెప్పుచున్నది (2 కొరింథీయులకు 8:12). వెయ్యి వచ్చిన చోట వంద, లక్ష వచ్చిన చోట పదివేలు. లక్ష చూచినవాడు వంద వేసి సంతోషింపకూడదు.

రెండవది, పిడికెడు బియ్యమును మరల ఆరంభించుదము. పిడికెడు సుమారు 50 గ్రాములనుకొనినచో, రెండు పూటలకు 100 గ్రాములు, నెలకు 3 కిలోలు. 40 కుటుంబములుగల సంఘములో అది 120 కిలోలగును. ఒంటరి విధవరాండ్రకు, మంచమెక్కిన వృద్ధులకు అది నెలనెల అన్నము. వారు ఏ కులస్థులైనను, ఏ మతస్థులైనను చూడవలదు. ఆ బియ్యము పుచ్చుకొను విధవరాలినిగూడ ఒక పిడికెడు అడుగుడి. ఆమెకు అది భారము కాదు, గౌరవము. బీద విధవరాలి రెండు కాసులను చూచిన ప్రభువు ఆ పిడికెడునుగూడ చూచును.

మూడవది, దుప్పటి పంచుటకు ముందు ఆ యింట కూర్చుండుడి. ఇచ్చుచు ఫోటోలు తీయించుకొనుట పుచ్చుకొనువారికి సిగ్గు. వారిని వరుసలో నిలువబెట్టి పేర్లు పిలుచుటకంటె, చీకటిపడిన తరువాత వారి యింటికి వెళ్లి చాపమీద కూర్చుండి మాటలాడి ఇచ్చుట క్రీస్తు మార్గము. ఇంకను మేలైనది, పండుగనాడు అట్టివారిని ఒకరిద్దరిని మన యింటికే పిలిచి మన పిల్లల ప్రక్కనే అన్నము పెట్టుట. విందు చేయునప్పుడు మరల పిలువలేనివారిని పిలువుడని ప్రభువు చెప్పెను (లూకా 14:12–14). అట్లు చేసినయెడల ఇల్లు, ఊరు, కానుక మూడును ఒకే పంక్తిలో కూర్చుండును. వేరువేరుగా గంటలు పంచుకొన నవసరముండదు.

ప్రార్థన

పశువుల తొట్టిలో పరుండుటకు సిగ్గుపడని ప్రభువా, నీవు దాతవై దూరమున నిలువక స్నేహితుడవై మా మధ్యకు వచ్చితివి. నీ దాసుడైన అజరయ్యగారినిబట్టి నిన్ను స్తుతించుచున్నాము. మా యిండ్లను అప్పునుండి, ఆడంబరమునుండి కాపాడుము. మా స్త్రీల ప్రయాసను చూచు కన్నులు మాకు దయచేయుము. మా పిడికెడును ఆశీర్వదించి ఆకలిగొనినవారికి అన్నము చేయుము. చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలోని ప్రతి యింట ఈ పండుగ సమాధానముతో ముగియునట్లు కృపచూపుము. ఆమేన్.